థైమస్ గడ్డ తీసేశారు, ఇక కరెంటు పెట్టించుకోవాలా వద్దా?

ఉమ్మడి కరీంనగర్ జిల్లాలోని ఒక పట్టణం నుంచి ఒక ఉపాధ్యాయురాలు ఎనిమిది పేజీల ఉత్తరం రాసి, దానితో పాటు తన బయాప్సీ నివేదిక నకలును కూడా పంపారు. పేరు, ఊరు ప్రచురించవద్దని కోరారు. ఆమె వయసు 36 ఏళ్లు, ఉన్నత పాఠశాలలో గణితం చెబుతారు, ఆరేళ్ల పాప ఉంది. ఏడాది కిందట మధ్యాహ్నం తరగతుల్లో బోర్డు మీద రాస్తుండగా ఎడమ కనురెప్ప దానంతటదే వాలిపోవడం, ఆఖరి పీరియడుకు వచ్చేసరికి మాట ముక్కుతో వస్తున్నట్లు మారిపోవడం మొదలైంది. మొదట గొంతు డాక్టరుకు, తర్వాత కళ్ల డాక్టరుకు చూపించుకున్నారు. చివరకు న్యూరాలజిస్టు రక్తపరీక్ష చేయించి, అది మయస్తీనియా గ్రేవిస్, అంటే కండరాలు త్వరగా అలసిపోయి బలహీనపడే జబ్బు అని తేల్చారు. ఆ జబ్బు ఉన్నవారిలో కొందరికి ఛాతీలోని థైమస్ గ్రంథిలో గడ్డ ఉంటుంది కనుక ఛాతీ స్కాన్ తప్పనిసరి. అదీ చేయించగా, రొమ్ము ఎముక వెనుక, గుండెకు ముందు ఆరు సెంటీమీటర్ల గడ్డ కనిపించింది. అయిదు వారాల కిందట హైదరాబాద్‌లో రొమ్ము ఎముకను నిలువునా తెరిచి, థైమస్ గ్రంథితో సహా ఆ గడ్డను తీసేశారు.

చిక్కంతా ఆ తర్వాతే మొదలైందని ఆమె రాశారు. ఆపరేషన్ చేసిన సర్జన్ "గడ్డ మొత్తం వచ్చేసింది, అంచులు శుభ్రంగా ఉన్నాయి, ఇక స్కాన్లు చేయించుకుంటూ ఉంటే చాలు" అన్నారు. అదే ఆసుపత్రిలో రేడియేషన్ డాక్టరు మాత్రం "గడ్డ తన తొడుగు దాటి కొవ్వులోకి వెళ్లింది, 25 సిట్టింగులు కరెంటు పెట్టించుకోవడం మంచిది" అన్నారు. అమెరికాలో ఉన్న తమ్ముడు నివేదికలో ఒకచోట ఒకటో దశ అని ఉండడం చూసి, ఒకటో దశకు రేడియేషన్ అక్కర్లేదంటూ గట్టిగా వాదిస్తున్నాడు. భర్త "ఎందుకైనా మంచిది, పెట్టించేసుకో" అంటున్నారు. తల్లి "ఛాతీలోకి కరెంటు పంపితే గుండె ఏమైపోతుందో" అని కన్నీళ్లు పెట్టుకుంటున్నారు. రెండో బిడ్డను కనాలన్న కోరిక ఒకటి ఆమె మనసులో ఉంది గానీ, దాన్ని ఎవరి ముందూ బయటపెట్టలేదు. మళ్లీ అడిగితే సర్జన్ గారికి కోపం వస్తుందేమోనన్న జంకు ఉంది. చికిత్స జరిగే రోజుల్లో పాపను దగ్గరకు తీసుకోవచ్చో లేదో తెలియదు. చివరి పేజీలో ఆమె ఒకే వాక్యం రాశారు: "మీరే చెప్పండి, మీరు ఏది చెబితే అది చేస్తాను."

అమ్మా, మీరు అడిగినట్టు ఒక్క మాటలో చెప్పడం నాకు తేలికే, కానీ అది మీకు న్యాయం చేసినట్టు కాదు. మిమ్మల్ని పరీక్షించిన ఇద్దరు డాక్టర్లు రెండు రకాలుగా చెప్పారంటే ఇద్దరిలో ఒకరు తప్పు చెబుతున్నారని మీరు అనుకుంటున్నారు. ఉత్తరమంతటా ఆ ఆందోళనే కనిపిస్తోంది. అక్కడ తప్పు చెప్పినవారు ఎవరూ లేరు. మీ గడ్డ సరిగ్గా నిపుణులే రెండుగా చీలే చోట ఉంది. ఇంకాస్త ఇటు ఉంటే రేడియేషన్ ప్రస్తావనే వచ్చేది కాదు, ఇంకాస్త అటు ఉంటే సర్జన్ గారే స్వయంగా మిమ్మల్ని రేడియేషన్ విభాగానికి పంపేవారు. ఈ సంగతి ముందు తెలిస్తే, తర్వాతి ప్రశ్నలు కొంత తేలికవుతాయి.

మీ తమ్ముడు చెప్పిన దశ విషయంతో మొదలుపెడతాను, ఎందుకంటే మీ ఇంట్లో జరుగుతున్న వాదనలో సగం అక్కడే పుట్టింది. థైమస్ గడ్డల దశలను లెక్కించడానికి రెండు పద్ధతులు వాడుకలో ఉన్నాయి. మొదటిది జపాన్ వైద్యుడు మసావోకా బృందం 1981లో ప్రతిపాదించి, 1994లో కోగా బృందం సవరించినది. ఇందులో గడ్డ పూర్తిగా తొడుగులోనే ఉంటే ఒకటో దశ. తొడుగు దాటిందని మైక్రోస్కోపు కింద మాత్రమే కనిపిస్తే 2ఎ. చుట్టూ ఉన్న కొవ్వులోకి కంటికి కనిపించేలా పాకినా, గుండె పైపొరకో ఊపిరితిత్తి పైపొరకో అంటుకుని దాన్ని చీల్చకుండా ఉన్నా 2బి. ఆ పొరలను, పక్కనున్న రక్తనాళాలను, ఊపిరితిత్తిని చొచ్చుకుపోతే మూడో దశ. రెండో పద్ధతి టీఎన్‌ఎం, అంటే గడ్డనూ, లింఫు గ్రంథులనూ, దూరపు వ్యాప్తినీ చూసి దశ లెక్కించేది. ఇది థైమస్‌కు 2017 నుంచి వాడుకలోకి వచ్చింది. ఇందులో కొవ్వులోకి పాకినంత మాత్రాన దశ పెరగదు, అది ఒకటో దశలోనే ఉంటుంది. మీ నివేదిక మూడో పేజీలో ఒకే పంక్తిలో ఈ రెండూ ఉన్నాయి: "మసావోకా–కోగా 2బి, టీఎన్‌ఎం ఒకటో దశ." రేడియేషన్ డాక్టరు మొదటి సగం చూసి మాట్లాడారు, మీ తమ్ముడు రెండో సగం చూసి మాట్లాడాడు. ఇద్దరూ చూసింది ఒకే గడ్డ. మీ ఉత్తరంతో పాటు నా ఈ జవాబును కూడా అతనికి పంపండి. అక్క మీద ప్రేమతోనే అతను రాత్రిళ్లు కూర్చుని చదువుతున్నాడు, ఆ చదువుకు ఈ చిన్న సవరణ సరిపోతుంది.

అదే పేజీలో ఇంకో మూడు సంగతులున్నాయి. నిర్ణయం నిజానికి వాటి మీదే ఆధారపడుతుంది. ఒకటి, గడ్డ రకం బి2. మీకు వచ్చిన లాంటి థైమస్ గడ్డలను థైమోమాలు అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో వాటిని ఎ, ఎబి, బి1, బి2, బి3 అని విడదీస్తారు, వీటికి వేరుగా, ఇంకా మొండిదైన థైమిక్ కార్సినోమా ఉంటుంది. మొదటి రకాలు నెమ్మదస్తులు, బి2, బి3 తిరిగి వచ్చే స్వభావం కాస్త ఎక్కువ ఉన్నవి. రెండు, అంచుల్లో గడ్డ కణాలు లేవు. ఇది మీకు దక్కిన అన్నిటికన్నా మంచి వార్త, దీని విలువను తక్కువ చేసుకోకండి. ఈ జబ్బులో గడ్డ పూర్తిగా వచ్చిందా లేదా అన్నదాన్ని మించిన సూచిక లేదు. మూడు, మీరు గమనించకుండా దాటేసిన వాక్యం: "గుండె పైపొర వైపు అంచు ఒక మిల్లీమీటరు కంటే తక్కువ దూరంలో ఉంది." శుభ్రమైన అంచే, కానీ సన్నని అంచు. రేడియేషన్ డాక్టరు గారి ఆలోచన ఈ వాక్యం దగ్గరే మొదలై ఉంటుందని నా ఊహ.

అది క్యాన్సరా కాదా అని మీరు ఉత్తరంలో మూడుసార్లు అడిగారు. సర్జన్ గారు "మామూలు క్యాన్సర్ లాంటిది కాదు" అన్నారనీ, ఇన్సూరెన్సు కాగితంలో మాత్రం క్యాన్సర్ అని రాశారనీ రాశారు. థైమోమా చాలా అరుదైన గడ్డ. చాలా నెమ్మదిగా పెరుగుతుంది. చాలామందిలో ఆపరేషన్‌తోనే కథ ముగుస్తుంది. అయినా అది ఛాతీలో మళ్లీ మొలకెత్తగలదు, అదీ పదేళ్ల తర్వాత కూడా. అందుకే దాన్ని నిరపాయకరమైన గడ్డ అని పక్కన పెట్టకుండా క్యాన్సర్ల జాబితాలోనే ఉంచుతారు. సర్జన్ గారు మీకు ధైర్యం చెప్పడానికి అన్న మాట, కాగితంలో రాసిన మాట, రెండూ ఈ అర్థంలో నిజమే.

ఇక రేడియేషన్ ఏమి చేయగలదు, ఏమి చేయలేదు అన్నది చూద్దాం. గడ్డ ఉన్న చోటునే డాక్టర్లు "పడక" అంటారు. అక్కడ కంటికీ మైక్రోస్కోపుకూ దొరకని కణాలేవైనా మిగిలి ఉంటే వాటిని చంపడమే ఆపరేషన్ తర్వాత ఇచ్చే రేడియేషన్ పని. మీకు చెప్పిన మోతాదు రోజుకు 2 గ్రే (రేడియేషన్‌ను కొలిచే ప్రమాణం) చొప్పున 25 రోజులు, మొత్తం 50 గ్రే. అంచులు శుభ్రంగా ఉన్నవారికి 45 నుంచి 50 గ్రే, అంచుల్లో కణాలు మిగిలినవారికి 54 గ్రే, గడ్డే కొంత మిగిలిపోయినవారికి 60 గ్రే, అంతకన్నా ఎక్కువా ఇస్తారు. కాబట్టి మీకు చెప్పింది అతిగా కాదు, ఆనవాయితీ ప్రకారమే. అయితే పూర్తిగా తీసేసిన థైమోమా తిరిగి వచ్చినప్పుడు తరచుగా వచ్చేది ఆ పడకలో కాదు, ఊపిరితిత్తుల పైపొర మీద, ఇక్కడొక చుక్క అక్కడొక చుక్కగా. ఆ ప్రాంతమంతా రేడియేషన్ పరిధికి బయటే ఉంటుంది. రేడియేషన్ పెట్టించుకుంటే ఇక భయం లేదన్న మీ భర్త నమ్మకం అందుకే పూర్తిగా సరికాదు. అది ఒక తలుపుకు గడియ పెడుతుంది, ఇంటికి ఇంకా తలుపులున్నాయి.

మరి లాభం ఉందా లేదా అని లోకంలో ఎవరూ లెక్క చూడలేదా అంటే, చూశారు, లెక్కలే ఒకదానితో ఒకటి కలవడం లేదు. అంతర్జాతీయ థైమస్ గడ్డల నిపుణుల బృందం రెండు, మూడు దశల థైమోమా పూర్తిగా తీసేసిన 1263 మంది వివరాలను పరిశీలించి 2016లో ప్రచురించింది. ఆపరేషన్ తర్వాత రేడియేషన్ పొందినవారిలో అయిదేళ్లకు 95 శాతం, పదేళ్లకు 86 శాతం మంది జీవించి ఉండగా, పొందనివారిలో అవి 90, 79 శాతంగా ఉన్నాయి. ఇది చూస్తే రేడియేషన్ వైపు మొగ్గాలనిపిస్తుంది. దానికి ఒక ఏడాది ముందు జపాన్ వైద్యులు 1265 మంది వివరాలతో అలాంటి పరిశీలనే చేశారు. థైమిక్ కార్సినోమా ఉన్నవారిలో రేడియేషన్ వల్ల జబ్బు తిరగబెట్టడం తగ్గింది గానీ, మీలాంటి థైమోమా ఉన్నవారిలో తిరగబెట్టడంలో గానీ, ఆయుష్షులో గానీ తేడా కనిపించలేదు. ఈ రెండూ పాత రికార్డులను తిరగేసి చేసినవే. ఎవరికి రేడియేషన్ ఇవ్వాలో అప్పటి డాక్టర్లే ఎంచుకున్నారు. ఒంట్లో ఓపిక ఉన్నవారికి ఇచ్చి, నీరసంగా ఉన్నవారికి మానేసి ఉంటే, ఆ తేడా రేడియేషన్ వల్ల వచ్చిందో ఓపిక వల్ల వచ్చిందో ఎవరూ విడదీయలేరు. రోగులను చీటీ తీసినట్టు రెండు గుంపులుగా విడదీసి పోల్చే పరీక్ష ఫ్రాన్స్‌లో రేడియోరిథ్మిక్ అనే పేరుతో నడుస్తోంది. సరిగ్గా మీలాంటి 2బి దశ, ఇంకా మూడో దశ థైమోమా పూర్తిగా తీసేసినవారు 314 మందిని అందులో చేర్చుకోవాలన్నది లక్ష్యం. మీ ప్రశ్నకు గట్టి జవాబు వచ్చేది అలాంటి చోటి నుంచే, కానీ మీరు ఆ ఫలితాల కోసం ఆగలేరు. యూరప్ క్యాన్సర్ వైద్యుల మార్గదర్శకాలు కూడా, మసావోకా–కోగా లెక్కలో ఒకటో దశకు వద్దనీ, మూడో దశకు ఇవ్వమనీ స్పష్టంగా చెప్పి, రెండో దశలో బి2, బి3 రకాలకూ, తొడుగు బాగా దాటినవాటికీ వచ్చేసరికి "పరిశీలించవచ్చు" అన్న మాట వాడాయి. "ఇవ్వాలి" అనలేదు, "వద్దు" అనలేదు.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం. రేడియేషన్ పెట్టించుకుంటే, ముందుగా ఒక రోజు ప్లానింగ్ స్కాన్ ఉంటుంది. గాలి తీస్తే గట్టిపడే సంచి మీద వెల్లకిలా పడుకోబెట్టి, చేతులు తల మీదుగా పైకి పెట్టించి, ఛాతీ మీద ఆవగింజంత పచ్చబొట్టు చుక్కలు మూడు పెడతారు. రోజూ యంత్రాన్ని ఆ చుక్కలతోనే సరిచూసుకుంటారు. మయస్తీనియా ఉన్న మీకు చేతులు పైకెత్తి ఉంచడమే అలసట కలిగించవచ్చు కనుక ఉదయం పూట సమయం ఇమ్మని అడగండి, మయస్తీనియాకు వాడే పిరిడోస్టిగ్మిన్ మాత్ర వేసుకున్న ముప్పావు గంటకు బల్ల మీద ఉండేలా చూసుకోండి. చికిత్స సోమవారం నుంచి శుక్రవారం దాకా, మొత్తం అయిదు వారాలు. రోజూ లోపల గడిపేది పావుగంట లోపే, నొప్పి ఉండదు. రెండు వారాలు దాటాక నీరసం, మింగుతుంటే అన్నవాహికలో మంట, ఛాతీ మీద చర్మం కమిలినట్టు నల్లబడడం చాలామందికి వస్తాయి, చికిత్స ముగిశాక కొన్ని వారాల్లో తగ్గుతాయి. తర్వాతి ఆరు నెలల్లో కొందరికి ఊపిరితిత్తిలో వాపు వచ్చి పొడిదగ్గు, ఆయాసం కనిపిస్తాయి.

వీటన్నిటికన్నా నేను ఎక్కువ ఆలోచించేది దూరపు రోజుల గురించి. మీకు 36 ఏళ్లు, ముందు నలభై ఏళ్ల జీవితం ఉంది, ఆ పడక వెనుకే గుండె ఉంది. రొమ్ము క్యాన్సర్‌కు రేడియేషన్ పొందిన మహిళలపై 2013లో వెలువడిన అధ్యయనం ఒకటి, గుండెకు అందిన సగటు మోతాదు ఒక్కో గ్రే పెరిగే కొద్దీ గుండెపోటు వంటి తీవ్రమైన సమస్యల ముప్పు సుమారు 7 శాతం చొప్పున పెరిగిందని చూపించింది. ఈ 7 శాతం అంటే వందలో ఏడుగురికి గుండెపోటు వస్తుందని కాదు. మీకు సహజంగా ఉన్న ముప్పుకు, అందులో సుమారు పద్నాలుగో వంతు ఒక్కో గ్రేకు కలుస్తుందని. గణితం చెప్పే మీకు ఆ తేడా వివరించనక్కర్లేదు. బీపీ, సుగర్ లేని మీ వయసు వారికి ఆ సహజమైన ముప్పు చిన్నదే, కానీ మయస్తీనియాకు స్టెరాయిడ్లు వాడుతున్నారు కనుక సుగర్, బీపీ మీద కన్నేసి ఉంచాలి. ఛాతీకి 30 ఏళ్లలోపు రేడియేషన్ పొందిన ఆడవారికి తర్వాత రొమ్ము క్యాన్సర్ ముప్పు పెరుగుతుందని బాగా తెలిసిన విషయం. మీ వయసులో అది తక్కువ, అసలు లేదని మాత్రం చెప్పను. అందుకే రేడియేషన్ డాక్టరును ఒక ప్రశ్న అడగండి: "నా ప్లాన్‌లో గుండెకు సగటున ఎన్ని గ్రేలు పడుతున్నాయి, గాలి నిండా పీల్చి బిగబట్టే పద్ధతిలో ఇస్తే అది తగ్గుతుందా?" ఈ అంకె కంప్యూటర్ తెర మీద వారికి ఎదురుగానే ఉంటుంది, అడిగితే ఎవరూ కోప్పడరు. ఊపిరి బిగబట్టడానికి మీ శ్వాస కండరాల సత్తువ సరిపోతుందో లేదో మాత్రం న్యూరాలజిస్టు చెప్పాలి. ప్రోటాన్ చికిత్స గురించి మీ తమ్ముడు రాశాడన్నారు. చెన్నైలో 2019 నుంచి అది అందుబాటులో ఉంది, గుండెకు, రొమ్ములకు పడే మోతాదు దానితో తగ్గించవచ్చు. కానీ ఖర్చు చాలా ఎక్కువ. ఇంటి మీద అప్పు తెచ్చి దానికి వెళ్లేంత అవసరం మీ పరిస్థితిలో నాకు కనిపించడం లేదు.

రేడియేషన్ వద్దనుకుంటే, ఈ ఇబ్బందులేవీ ఉండవు. గడ్డ మళ్లీ రాకపోయే అవకాశమే ఎక్కువ, అలాంటప్పుడు అనవసరమైన చికిత్సను తప్పించుకున్నవారవుతారు. ఒకవేళ పడకలోనే తిరిగి వస్తే, మళ్లీ ఆపరేషన్ చేయవచ్చు, అప్పుడు రేడియేషన్‌ను కూడా వాడుకోవచ్చు. ఇప్పుడే వాడేస్తే అదే చోట రెండోసారి ఇవ్వడం కష్టం, రేడియేషన్ పడిన ఛాతీలో ఆపరేషన్ కూడా కష్టం. ఇది సర్జన్ గారి వాదనకు బలమిచ్చే విషయం, బహుశా ఆయన మీకు ఇంత వివరంగా చెప్పే వీలు చిక్కలేదు. దీనికి మరోవైపు, గుండె పైపొరను ఆనుకుని తిరిగి వచ్చే గడ్డ రెండోసారి అంత శుభ్రంగా రాకపోవచ్చు. పైగా ఈ దారిలో స్కాన్లే మీ కాపలా. మొదటి రెండేళ్లు ఆరు నెలలకోసారి, ఆ తర్వాత ఏడాదికోసారి, కనీసం పదేళ్లు. మీరు ఏ దారి ఎంచుకున్నా ఈ స్కాన్లు తప్పవు, కానీ రేడియేషన్ లేనివారు ఒక్కటి మానేసినా అది ఖరీదైన మరుపు అవుతుంది. నాలుగేళ్లు బాగున్నాక, పాప చదువు, బదిలీలు, ఇంటి పనుల మధ్య "ఇంకెందుకులే" అనిపించే రోజు వస్తుంది. స్కాన్ తేదీని తన బాధ్యతగా గుర్తుంచుకునే మనిషి మీ ఇంట్లో ఎవరో ఇప్పుడే ఆలోచించుకోండి, ఆ దారి మీకు తగునో లేదో సగం అక్కడే తేలిపోతుంది.

మూడో దారి ఒకటుంది, దాన్ని మీకు ఎవరూ చెప్పినట్టు లేదు. రేడియేషన్ ఇవ్వాలనుకుంటే ఆపరేషన్ జరిగిన మూడు నెలల్లోపు మొదలుపెట్టడం మంచిది. మీకు అయిదు వారాలే అయ్యాయి, అంటే రెండు మూడు వారాలు ఆలోచనకు వాడుకున్నా ఏమీ కోల్పోరు. ఈ వ్యవధిలో ఆసుపత్రి ల్యాబులో మీ గడ్డ ముక్కలను భద్రపరిచిన మైనపు బ్లాకులను, స్లైడ్లను తీసుకుని, థైమస్ గడ్డలు ఎక్కువగా చూసే చోట, ముంబయిలోని టాటా మెమోరియల్ వంటి పెద్ద కేంద్రంలో రెండోసారి చదివించండి. బి1, బి2, బి3ల మధ్య గీత సన్ననిది. అనుభవమున్న పాథాలజిస్టుల మధ్య కూడా అభిప్రాయాలు తేడా వస్తుంటాయి. బ్లాకులు, స్లైడ్లు అడిగితే సంతకం తీసుకుని ఇస్తారు, మీరు స్వయంగా ముంబయి వెళ్లక్కర్లేదు, భర్త వెళ్లినా చాలు. అలాగే సర్జన్‌నూ, రేడియేషన్ డాక్టరునూ, న్యూరాలజిస్టునూ మీ కేసును ట్యూమర్ బోర్డులో పెట్టమని కోరండి. అందరూ ఒకే బల్ల చుట్టూ కూర్చుని స్కాన్ చూస్తూ మాట్లాడుకునే సమావేశం అది. "సార్, మీ ఇద్దరి మాటా వినాలని ఉంది, కలిసి ఒక మాట చెబితే నాకు ధైర్యంగా ఉంటుంది" అంటే నొచ్చుకునే సర్జన్‌ను నేను చూడలేదు. ఆపరేషన్ సమయంలో గడ్డ గుండె పైపొరకు ఎక్కడ, ఎంత గట్టిగా అంటుకుని ఉందో ఆయన వేళ్లకే తెలుసు, నివేదికలో అది రాదు. ఆ సంగతి రేడియేషన్ డాక్టరు ఆయన నోటి నుంచే వినడం అవసరం.

నా మొగ్గు ఎటో దాచను. రెండోసారి చదివాక కూడా బి2 అనే వచ్చి, గుండె వైపు అంచు ఒక మిల్లీమీటరు లోపే ఉండి, అక్కడ గడ్డ గట్టిగా అంటుకుని ఉందని సర్జన్ గారు చెబితే, గుండెకు మోతాదు బాగా తగ్గించగలిగిన ప్లాన్‌తో రేడియేషన్ వైపే నేను కాస్త మొగ్గుతాను. బి1 అని తేలినా, కొవ్వులోకి పాకింది కొద్దిగానే అని తేలినా, స్కాన్ల దారిలో నిశ్చింతగా నడవవచ్చంటాను. ఈ రెండింటి నడుమ ఎక్కడో ఉంటే, మీ స్వభావం చెప్పే మాటకు విలువ ఇవ్వాలి. "చేయగలిగింది చేయకుండా వదిలేశానే" అన్న బాధ మిమ్మల్ని ఎక్కువ తినేస్తుందా, లేక "అవసరం లేకుండా గుండె మీద రేడియేషన్ వేయించుకున్నానే" అన్న బాధా? ఇది మీ భర్త గానీ, తమ్ముడు గానీ, నేను గానీ చెప్పగలిగింది కాదు.

కనురెప్ప సంగతి ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే కరెంటు పెట్టించుకుంటే రెప్ప వాలడం కూడా తగ్గుతుందని మీరు ఆశపడుతున్నట్టు అనిపించింది. రేడియేషన్ మయస్తీనియాకు మందు కాదు. గడ్డ తీశాక కూడా ఆ జబ్బు తగ్గడానికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది, కొందరికి మందులు కొనసాగించాల్సే వస్తుంది. చికిత్స రోజుల్లో మింగడం కష్టమైతే అది రెండు కారణాల్లో ఏదో ఒకటి కావచ్చు. మింగినప్పుడు నొప్పిగా, మంటగా ఉంటే రేడియేషన్ మంట. మెత్తటి ఆహారం, మజ్జిగ అన్నం, డాక్టరు ఇచ్చే మందు సరిపోతాయి. నొప్పి లేకుండా ముద్ద గొంతులో ఆగిపోవడం, నీళ్లు ముక్కులోంచి రావడం, పడుకుంటే ఊపిరాడకపోవడం కనిపిస్తే అది మయస్తీనియా ముదరడం. అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకుండా ఆ క్షణమే ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లాలి. దగ్గు వచ్చిందని మందుల షాపులో అడిగి యాంటీబయాటిక్ వేసుకోకండి. సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్, అజిత్రోమైసిన్, జెంటామైసిన్, అమికాసిన్ వంటివి మీ కండరాల బలహీనతను పెంచగలవు. ఊపిరితిత్తి వాపు వచ్చి స్టెరాయిడ్ మోతాదు పెంచాల్సి వస్తే న్యూరాలజిస్టుకు చెప్పే పెంచాలి. "నాకు మయస్తీనియా ఉంది" అని ఒక చీటీ మీద రాసి పర్సులో ఉంచుకోండి.

రెండో బిడ్డ కోరిక మనసులోనే దాచుకున్నారు, దాన్ని ఈ చర్చలోకి తేవడం తప్పేమీ కాదు, తేవాలి కూడా. గర్భసంచి, అండాశయాలు రేడియేషన్ పరిధికి చాలా దూరంలో ఉంటాయి. చికిత్స జరిగే రోజుల్లో గర్భం మాత్రం ఉండకూడదు, ఆ తర్వాత ఎంతకాలం ఆగాలో డాక్టర్లు చెబుతారు. మీ విషయంలో గర్భానికి అసలు అడ్డంకి రేడియేషన్ కన్నా మయస్తీనియా మందులు కావచ్చు. మైకోఫెనొలేట్ అనే మందు పిండానికి హాని చేస్తుంది. మందు మార్చే ఆలోచన ఉందని న్యూరాలజిస్టు అన్నట్టు రాశారు కనుక, మీ కోరిక ఆయనకు ముందే తెలియాలి. ఈ వారం చూపించుకోవడానికి వెళ్లినప్పుడు భర్తను కూడా గదిలో కూర్చోబెట్టుకుని, ఈ ఒక్క మాట మీరే చెప్పండి.

మీ అమ్మగారి భయానికి కూడా జవాబు చెప్పాలి. మన దగ్గర దీన్ని కరెంటు అనడం ఎలా అలవాటైందో గానీ, ఆ పేరు చాలామంది తల్లుల నిద్ర చెడగొడుతోంది. ఒంట్లోకి విద్యుత్తు పోదు. ఎక్స్‌రే తీసేటప్పుడు వాడే లాంటి కిరణాలే, ఇంకా శక్తిమంతమైనవి, కొలిచి ఒక చోటికి గురిపెట్టి పంపుతారు. యంత్రం ఆగిన మరుక్షణం కిరణం ఉండదు, ఒంట్లో ఏమీ మిగలదు. ఆమెను ఒక రోజు మీతో తీసుకెళ్లి, యంత్రం ఉన్న గదిని చూపించమని అక్కడి టెక్నీషియన్లను అడగండి, ఖాళీ ఉన్నప్పుడు చూపిస్తారు. డబ్బు విషయంలో, మీ హెల్త్ కార్డు మీద ఆ ఆసుపత్రిలో రేడియేషన్‌కు అనుమతి వస్తుందో లేదో ప్లానింగ్ స్కాన్‌కు ముందే కనుక్కోండి. మధ్యలో అనుమతి కోసం చికిత్స ఆగిపోవడం మంచిది కాదు.

పాప గురించి అడిగారు. మీలోంచి కిరణాలేవీ బయటకు రావు కనుక, చికిత్స జరిగిన రోజు సాయంత్రమే పాపను హత్తుకోవచ్చు, పక్కన పడుకోబెట్టుకోవచ్చు, ఒకే కంచంలో తినిపించవచ్చు. ఒక్కటే జాగ్రత్త, అది రేడియేషన్ వల్ల కాదు, కోసిన ఎముక వల్ల. అది పూర్తిగా అతుక్కోవడానికి మూడు నెలలు పడుతుంది, అందాకా పాపను ఎత్తుకోవద్దు. మీరు మంచం మీద వెనక్కి ఆనుకుని కూర్చుని, ఛాతీకి చిన్న దిండు అడ్డం పెట్టుకోండి, తననే ఎక్కి ఒళ్లోకి రమ్మనండి.